మాస్టారు అడిగి రాయించుకున్న సున్నా

మాస్టారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నా చేతులకి గ్లౌజులున్నాయి. వార్డులో ఒక పెద్దావిడకి కట్టు మారుస్తున్నాను. జేబులో ఫోను మోగి ఆగింది, మళ్ళీ మోగింది, మళ్ళీ ఆగింది. డ్యూటీలో ఫోను తీయకూడదు. అలాగని వరసగా మోగుతుంటే మనసు ఊరుకోదు కదా. పని ముగించి కారిడార్లోకి వచ్చి చూస్తే అన్నీ మాస్టారి భార్య చేసిన కాల్సే. తిరిగి చేశాను. "పొద్దున్న టీ తాగి, కప్పు కింద ఎట్టి, అలా పక్కకి ఒరిగిపోనారమ్మా. ఆస్పత్రికి తీసుకెల్లేలోగానే అయిపోయింది" అన్నారు ఆంటీ. ఇన్నేళ్ళ నర్సు ఉద్యోగంలో ఇలాంటి మాట ఎంతమంది ఇంటివాళ్ళకో నేనే చెప్పాను. నాకు ఒకరు చెప్పేసరికి "సరే ఆంటీ" అన్నాను. సరే ఏమిటి, నా మొహం!

ఆ రోజు నుంచి నాకు స్థిమితం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు వెళ్ళాలో తెలియదు. ఇది రాయడం కూడా మెట్రోలో నిలబడి కొంత, వంటింట్లో పొయ్యి ముందు కొంత. కాబట్టి కాస్త అటూ ఇటూ పోతే మీరే సర్దుకోండి.

ఆయన మాకు చుట్టం కాదు. ఈ రాజధాని ఊళ్ళో పాలం దగ్గర మేముండే బిల్డింగులో మా పై అంతస్తు. విజయనగరం వైపు మనిషి. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాక, కంటోన్మెంట్ క్వార్టరు వదిలి, ఆ గాలికి దూరం కాలేక అక్కడే ఫ్లాటు కొనుక్కున్నారు. మాది బాపట్ల. ఆయన యాసలో ఆడపిల్లని 'గుంట' అంటుంటే మొదట్లో మా అమ్మాయి కిసుక్కున నవ్వేది. అదే అమ్మాయికి చదరంగం నేర్పి, మా ఇంటిల్లిపాదికీ మాస్టారయ్యారు. అమ్మాయికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. ఆయనకి అదేమీ పట్టేది కాదు. "గుర్రానికి ఏ బాసైనా ఒకటేనమ్మా, దాని గెంతు దానిదే" అనేవారు.

కుదురన్నది లేని మనిషి. చదరంగం ఆడేవాళ్ళు బల్లకి అతుక్కుపోయి ఉంటారని నేననుకునేదాన్ని. ఈయన ఎత్తు వేసి, గడియారం నొక్కి, కాగితం మీద రాసి, వెంటనే లేచేవారు. చేతులు వెనక్కి కట్టుకుని, బల్లల మధ్య నుంచి అలా నడుచుకుంటూ పోయి, నాలుగు బల్లలు చూసి తిరిగొచ్చేవారు. ఇంట్లో నేర్పేటప్పుడూ అంతే, మా చిన్న హాల్లో సోఫాకీ ఫ్రిజ్జుకీ మధ్య పచార్లు. "కూకుంటే నీ ఎత్తే కనబడతాది. నిలబడితే ఎదుటోడిది కనబడతాది" అనేవారు. ఆయన్ని చూసి మా అమ్మాయి కూడా మొదలుపెట్టింది. టోర్నమెంటు హాలు తలుపు అద్దంలోంచి నేను చూస్తుంటే, లేచి తిరుగుతూ కనబడేది. నాకు ఒళ్ళు మండిపోయేది. కూర్చోమని చేత్తో సైగలు చేసేదాన్ని. ఇంటికొచ్చాక, కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటని తిట్టేదాన్ని. తిట్లు పై అంతస్తుకి వినబడాలనే కొంచెం గట్టిగా తిట్టేదాన్ని.

అమ్మాయికి మొదటిసారి రేటింగ్ వచ్చిన రోజు గుర్తుంది. ప్రపంచ చదరంగ సమాఖ్య జాబితాలో మా పిల్ల పేరు, పక్కన ఒక నంబరు. నేను వార్డులో అందరికీ లడ్డూలు పంచి, మిగిలినవి పట్టుకుని పైకి వెళ్ళాను.

"ఇది మంచి మార్కేనా మాస్టారూ?" అని అడిగాను.

ఆయన లడ్డూ తీసుకున్నారు గానీ నోట్లో పెట్టుకోలేదు. "మార్కు కాదమ్మా ఇది. నీ గుంట ఎంత గొప్పదో ఇది సెప్పదు. రేపు ఆడబోయే ఆట ఎలాగుంటాదో ఒక అంచనా, అంతే."

"గెలిస్తే పెరుగుతుంది కదా?"

"అదే తప్పు. గెలిస్తే కాదు, అనుకున్నదానికన్నా ఎక్కువ గెలిస్తే పెరుగుతాది. ఎదుటోడు నీకన్నా రెండొందలు పైనున్నాడనుకో. నాలుగాటలు ఆడితే నీకొక్క పాయింటు రావాలని లెక్క. ఆ ఒక్కటే వచ్చింది, నీ నంబరు కదలదు. రెండొచ్చినాయి, పెరుగుతాది. ఏటీ రాలేదు, తగ్గుతాది. మనం ఆడేది ఎదుటోడితో కాదమ్మా, మన మీదున్న అంచనాతో."

నాకప్పుడు మా ఆస్పత్రి గుర్తొచ్చింది. రోజూ పేషెంట్లని "నొప్పి పదిలో ఎంత?" అని అడుగుతాం. ఒకరి ఆరు ఇంకొకరి ఆరు కాదు. ఈ ఊళ్ళో క్యాబ్ దిగితే ఫోనులో చుక్కలివ్వాలి, బిర్యానీ తెప్పించుకుంటే చుక్కలివ్వాలి, మావారి ఆఫీసులో ఏడాదికోసారి ఆయనకీ ఎవరో అంకె వేస్తారు. ఆ వారం గురుగ్రామ్ నుంచి ఇంటికొచ్చాక ఆయన అన్నం కూడా సరిగ్గా తినరు. అదే చెబితే మాస్టారు తల అడ్డంగా ఊపారు. "అవన్నీ ఒకడు ఇంకోడికి ఇచ్చేవి. ఇది ఎవడూ ఇవ్వడు. ఇద్దరు ఎదురుబొదురు కూకుని తేల్చుకోవాలి" అని, అప్పుడు లడ్డూ తిన్నారు.

ఆయన సొంత నంబరు కథ వేరు. ఆయన పడుచు వయసులో, బెటాలియన్ తరఫున ఆడే రోజుల్లో, ఆ జాబితా గుమ్మం చాలా ఎత్తులో ఉండేదట. రెండువేల రెండొందలకి తక్కువైతే అసలు పేరే ఎక్కేది కాదు. దేశంలో ఎంతోమంది మంచి ఆటగాళ్ళు, ప్రపంచం దృష్టిలో లేనట్టే. జాబితా కూడా నెలనెలా కాదు, ఏడాదికో ఆర్నెల్లకో వచ్చేది. ఈయన ఆ గుమ్మం దరిదాపుల దాకా వెళ్ళి, ఈలోగా బదిలీ అయి, ఎక్కడో కొండల్లో వైర్లు లాగుతూ కూర్చున్నారు. ఆ తర్వాత సమాఖ్య గుమ్మాన్ని కిందికి దించుతూ వచ్చింది. రెండువేలు, ఇంకా కిందికి, ఇంకా కిందికి. రిటైరయ్యాక ఒక టోర్నమెంటు ఆడితే ఆయనకీ నంబరొచ్చింది. "నేను మెట్లెక్కలేదమ్మా, గుమ్మమే దిగొచ్చింది" అని నవ్వేవారు. ఆ నవ్వులో కొంచెం ఉక్రోషం ఉండేదని నా అనుమానం.

తర్వాత పిల్లల గొడవ మొదలైంది. లాక్‌డౌన్లో పిల్లలంతా ఇంట్లో కూర్చుని, కంప్యూటర్ల మీద పగలనక రాత్రనక ఆడి రాటుదేలారు. బయటికొచ్చేసరికి వాళ్ళ ఆట ఒకచోట, నంబరు ఒకచోట. నంబరు చూస్తే పసివాడు, ఆట చూస్తే పిడుగు. అలాంటివాళ్ళ చేతిలో మాస్టారిలాంటి పెద్దవాళ్ళు వరసగా ఓడిపోయి, కింది వరసల్లో అందరి నంబర్లూ అడుగంటాయి. సమాఖ్యవాళ్ళు చూసి చూసి, రెండువేలకి లోపున్నవాళ్ళందరికీ ఒక్కసారిగా నంబరు పెంచేశారు. కిందున్నవాళ్ళకి ఎక్కువ, పైకెళ్ళేకొద్దీ తక్కువ. గుమ్మాన్ని కూడా మళ్ళీ కాస్త పైకి జరిపారు. బిల్డింగులో చదరంగం పిల్లలున్న ఇళ్ళన్నీ పండగ చేసుకున్నాయి. మాస్టారు మాత్రం మూతి ముడుచుకుని కూర్చున్నారు.

"పెరిగితే సంతోషించక ఏంటండీ మాస్టారూ!" అన్నాను.

"నేను ఆడి తెచ్చుకున్నదేటి? పాలల్లో నీల్లు కలిపి సేరు ఎక్కువ సూపించినట్టుంది" అన్నారు.

సమాఖ్యవాళ్ళు చేసింది న్యాయమేనని ఆయనకీ తెలుసు. లెక్కవేసి మరీ నాకు చెప్పింది ఆయనే. అయినా మింగుడుపడలేదు. ఆ నీళ్ళు తీసేసి ఎన్ని పాలుంటే అన్నే ఉంచుకుంటానని పట్టుబట్టి, అంతకుముందుకన్నా ఎక్కువ టోర్నమెంట్లు ఆడటం మొదలుపెట్టారు. ద్వారకా, రోహిణి, నోయిడా, ఫరీదాబాద్. ఒక స్టీలు కప్పు, గుడ్డసంచీ, మఫ్లరు. ఎక్కువగా పిల్లలే ఎదురొచ్చేవాళ్ళు. ఓడిపోతే "అచ్ఛా" అనేవారు, గెలిచినా "అచ్ఛా" అనేవారు, రెండింటికీ తేడా ఆంటీకే తెలిసేది. పద్ధతిలో ఒక చిత్రం ఉంది. పిల్లల నంబరు త్వరగా కదలాలని వాళ్ళకి గుణకం రెట్టింపు పెట్టారు. సమానమైన నంబరున్న పెద్దాయన, పిల్లవాడు ఆడితే, ఓడిన పెద్దాయనకి పది పోతాయి, గెలిచిన పిల్లవాడికి ఇరవై వస్తాయి. "నాకు పోయేది పది, ఆడికొచ్చేది ఇరవై. ఇంత లాభసాటి దానం ఎక్కడైనా ఉందేటి?" అనేవారు.

దానం అన్నారని ఊరికే ఇచ్చేవారనుకునేరు. ఒకసారి గురుగ్రామ్‌లో ఒక స్కూల్లో టోర్నమెంటు. ఆట మొదలయ్యే ముందు ఒక తండ్రి ఈయన దగ్గరికొచ్చి, "అంకుల్‌జీ, మా వాడికి ఈ ఒక్క గేము చాలా ముఖ్యం. ఈ వయసులో మీకు రేటింగ్‌తో పనేముంది, కొంచెం చూడండి" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. మాస్టారు కోప్పడలేదు. "భాయ్‌సాబ్, నేను అబద్ధం నంబరు ఇస్తే మీవాడు దాన్ని మోసుకుని తిరగాలి. రేపు ఎదురుగా కూర్చున్నవాడు వడ్డీతో వసూలు చేస్తాడు. అప్పుడు వాడి పక్కన మీరూ ఉండరు, నేనూ ఉండను" అన్నారు హిందీలో. వెళ్ళి ఆడి గెలిచారు. తర్వాత ఆ పిల్లవాణ్ణి మెట్ల మీద కూర్చోబెట్టుకుని, ఎక్కడ పొరపడ్డాడో చివరిదాకా చూపించారు. తండ్రి దూరంగా నిలబడి ఫోను చూసుకుంటూ ఉన్నాడు.

ఇక చెప్పాల్సింది చెబుతాను. చెప్పడానికే ఇంతసేపూ తిరుగుతున్నాను.

ఆయన చివరి టోర్నమెంటు ఫరీదాబాద్‌లో. ఆదివారం చివరి రౌండు. చర్చికి వెళ్ళలేదని మనసులో పీకుతూనే ఉంది. కారిడార్లో పేపరు పరుచుకుని తల్లిదండ్రులంతా కూర్చున్నాం, నేను అక్కడే కళ్ళు మూసుకుని నా ప్రార్థన కానిచ్చాను. కళ్ళు తెరిచేసరికి జతల కాగితం గోడకి అంటించారు. సమానమైన పాయింట్లున్నవాళ్ళకి జత పడుతుంది కదా, మా అమ్మాయికి ఎదురుగా మాస్టారి పేరు. ఇంట్లో వాళ్ళిద్దరూ ఎన్నిసార్లు ఆడారో లెక్కలేదు, లెక్కలోకొచ్చే ఆట మాత్రం అదే మొదటిది. అమ్మాయి మొహం పాలిపోయింది. మాస్టారు దాని జడ లాగి, "ఏటే, భయమా? నాకూ భయమే. రా" అని లోపలికి నడిచారు.

అద్దంలోంచి చూశాను. ఆయన లేచి తిరుగుతున్నారు, ఇది లేచి తిరుగుతోంది. ఇద్దరూ బల్ల దగ్గర కలుసుకున్నదే తక్కువ. ఆఖర్లో మాత్రం ఆయన కూర్చుండిపోయారు. చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత చెయ్యి చాచారు. అమ్మాయి బయటికొచ్చి, గొంతు తగ్గించి, "జీత్ గయీ" అంది, గెలిచానని. వెనకాలే ఆయనొచ్చి "ఈ గుంట నన్ను కొట్టేసిందమ్మా!" అని కారిడారంతా వినబడేలా చెప్పారు. ముగ్గురం మెట్రో స్టేషను దాకా నడిచాం. మెట్ల దగ్గర మాస్టారు ఫోను చూసుకుంటూ ఆగి, "మీరెల్లండి, నాకు సిన్న పనుంది" అని వెనక్కి తిరిగారు. ఏం పనని నేనడగలేదు. ఆయన ఎప్పుడూ ఏదో పని మీద వెనక్కో ముందుకో పోతూనే ఉంటారు.

ఆ వారం దాటకుండానే పోయారు.

దహనం నుంచి వచ్చాక అమ్మాయి ఏడవలేదు. గదిలో బోర్డు మూటకట్టి అల్మరా పైన పెట్టేసింది. నేను పిలిస్తే, "మమ్మీ, వో గేమ్ కటవా దో" అంది. ఆ ఆట తీసేయించమంటోంది. ఎందుకే అంటే, సర్ ఆఖరి ఆట అదే, ఆఖరిసారి ఆయన దగ్గర పాయింట్లు తీసుకున్నది నేనే, ఇంక ఆయన ఎప్పటికీ ఆ తగ్గిన నంబరు మీదే ఉండిపోతారు, నా వల్ల అంది. ఆయనకి ఆ రోజు ఒంట్లో బాగా లేదేమో, అందుకే గెలిచానేమో అని కూడా అంది. నువ్వు నర్సువి కదా, చెప్పమంది. ఏం చెప్పను? గుండె లోపల ఏముందో అద్దం తలుపులోంచి ఎవరు చూడగలరు? తెలియదన్నాను. ఇంక ఆడనంది.  ఆ పిల్ల తన గురువుని దోచుకున్నాననుకుంటూ పెరుగుతుంటే చూడటం నావల్ల కాదనిపించింది.

మీరు నవ్వుతారు గానీ, నిజంగానే నేను సెలవు పెట్టి, ఆ టోర్నమెంటు నడిపిన ఆర్బిటర్ని వెతుక్కుంటూ వెళ్ళాను. అప్పుడాయన కరోల్ బాగ్ దగ్గర ఒక హాల్లో ఇంకో టోర్నమెంటు నడుపుతున్నారు. నెల ఒకటో తారీఖున కొత్త జాబితా రాకముందే ఆ ఒక్క ఫలితం తీసేయమని బతిమాలాను. ఆడి ముగించిన ఆటని తీసేయడం కుదరదన్నారు. నేను కదల్లేదు. పిల్ల సంగతంతా చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి నా వంక చూశారు.

"మేడమ్, ఆ రోజు సాయంత్రం ఏం జరిగిందో మీకు తెలీదా?" అన్నారు హిందీలో. "తప్పు నాదే. ఆ బోర్డు ఫలితం ఎక్కించేటప్పుడు అటుదిటు కొట్టాను. అంకుల్‌జీ గెలిచినట్టు పెట్టేశాను. పాప గెలిచిందని నాకు తట్టలేదు. అంకుల్‌జీ మెట్రో దగ్గర ఫోన్లో చూసుకున్నారట. ఆయాసపడుతూ వచ్చారు. ఏదో గొడవకొచ్చారనుకున్నాను. ఇక్కడికి వచ్చేవాళ్ళంతా తమ పాయింటు పోయిందనే వస్తారు. ఈయన, 'భాయ్, మీరు నన్ను గెలిపించారు. నేను ఓడిపోయాను. నా సున్నా నాకు రాయండి' అన్నారు. సరే అంకుల్‌జీ, మీరెళ్ళండి, మారుస్తానన్నాను. వెళ్ళలేదు. మార్చేదాకా నా కుర్చీ వెనకే అటూ ఇటూ తిరిగారు. స్క్రీన్ ఆయనవైపు తిప్పితే కళ్ళజోడు పెట్టుకుని చూసి, 'అబ్ ఠీక్ హై, ఇప్పుడు సరిగ్గా ఉంది' అని వెళ్ళారు."

 అప్పటిదాకా రాని ఏడుపు ఆ హాల్లో, గడియారాల టిక్కుల మధ్య, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు వచ్చింది. ఆయన పాపం మంచినీళ్ళ సీసా నా వైపు జరిపారు.

ఇంటికొచ్చి అమ్మాయికి చెప్పాను. "సచ్ మే వాపస్ ఆయే థే?" అని అడిగింది, నిజంగా వెనక్కి వచ్చారా అని. వచ్చారన్నాను. నువ్వు అడుగుతున్నది ఆయన వచ్చి రాయించుకున్న సున్నాని చెరిపేయమనే అన్నాను.  అప్పుడు ఏడ్చింది, చిన్నపిల్లలా వెక్కివెక్కి. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. ఆపమనలేదు.

ఒకటో తారీఖున జాబితా వచ్చింది. ఇద్దరం ఒకే ఫోనులో చూశాం. ఆ ఒక్క ఆటకి ఆయనకి పోయింది పదమూడూ చిల్లర, దీనికొచ్చింది దానికి రెట్టింపు. ఆయన పేరు ఉంది, పక్కన తగ్గిన నంబరు. ఏడాదిపాటు ఒక్క ఆటా లేకపోతే, ఆడటం మానేసినవాళ్ళకి పెట్టే గుర్తు ఆయన పేరు పక్కన కూడా పెడతారు. జాబితాకి అంతకుమించి తెలియదు. రేపటి ఆటకి అంచనా అన్నారు కదా మాస్టారూ, మరి రేపటి ఆట లేని మనిషికి ఈ అంచనా ఎందుకు అని నాకు ఆయన మీద కోపమే వచ్చింది. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు. అన్నం తింటుంటే గుర్తొస్తారు, చెయ్యి ఆగిపోతుంది. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే తల తిప్పుతాను.

ఈ మధ్య ఫరీదాబాద్‌లో అదే హాల్లో ఇంకో టోర్నమెంటు పడింది. వెళ్దామా అని నేనడగలేదు. పొద్దున్నే లేచి చూస్తే, అల్మరా పైనున్న మూట మా అమ్మాయే కిందికి దించి, విప్పి, పావులు లెక్కపెట్టుకుంటోంది. మెట్రో ఎక్కాం. అది కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను, సీట్లు ఖాళీ ఉన్నా.

ఆట మొదలయ్యాక ఎప్పటిలాగే తలుపు అద్దం దగ్గరికి వెళ్ళాను. ఎదురుగా ఎవరో నెరిసిన గడ్డమున్న పెద్దాయన. మా అమ్మాయి ఎత్తు వేసింది, గడియారం నొక్కింది, కాగితం మీద రాసింది. కుర్చీ వెనక్కి జరిపి లేచింది. చేతులు వెనక్కి కట్టుకుంది. బల్లల మధ్య నుంచి, ఒక్కొక్క బోర్డు దగ్గరా కాస్త తల వంచి చూస్తూ, తొందరపడకుండా నడవడం మొదలుపెట్టింది. చివరి వరస దాకా వెళ్ళి తిరిగేటప్పుడు నన్ను చూసింది. అలవాటుకొద్దీ నా చెయ్యి కూర్చోమని చెప్పడానికి లేచింది. లేచిన చెయ్యి అద్దం మీద ఆనించి అలాగే నిలబడ్డాను. అది ఇంకో వరసలోకి తిరిగి, నడుస్తూనే ఉంది.